ఉట్నూరు బూడిద దిబ్బ నమూనా, 1:50 స్కేలులో — సలహాలు కావాలి

పాలమూరు_మాస్టారు | జూలై 6, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఈ విభాగంలో నాకిది మొదటి పోస్టు. ఇన్నాళ్లూ రైలింజన్ల నమూనాలు చూసి వెళ్లిపోయేవాణ్ని.

నేను ప్రభుత్వ బడిలో సోషల్ మాస్టారిని. తొమ్మిదో తరగతి పిల్లలతో కలిసి ఉట్నూరు బూడిద దిబ్బ నమూనా చేద్దామనుకుంటున్నాం. కొత్త రాతియుగం నాటి పశువుల దొడ్డి అది. పేడ కాల్చగా కాల్చగా బూడిద దిబ్బగా మారింది. 1957లో ఆల్చిన్ అనే బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త తవ్వారు. 1961లో అచ్చయిన ఆ తవ్వకాల నివేదిక జిరాక్స్ ఒక మిత్రుడి దగ్గర దొరికింది.

చేతిలో ఉన్నవి: 4 × 3 అడుగుల ప్లైవుడ్ పలక, ఇంటి పక్కవాళ్ల గేదెల పేడ ఎంత కావాలంటే అంత, పదకొండు మంది పిల్లలు, నాలుగు నెలలు. లేనిది అనుభవం. ఎక్కడ మొదలుపెట్టాలి?

---

రంపంపొట్టు | జూలై 6, రాత్రి 10:15

మాస్టారూ, స్వాగతం. ముందు స్కేలు తేల్చుకోండి, మిగతావన్నీ తర్వాత.

మీ పలక 122 × 91 సెంటీమీటర్లు. 1:100 వేస్తే 122 × 91 మీటర్ల నేల పడుతుంది కానీ ఆవు ఎత్తు 1.3 సెం.మీ. అవుతుంది. పిల్లలు దాన్ని చూసి చీమ అంటారు. 1:50 వేస్తే నేల 61 × 46 మీటర్లకు తగ్గుతుంది, ఆవు 2.6, మనిషి 3.2 సెం.మీ. వస్తారు. మీరు శీర్షికలో రాసిన 1:50 సరైనదే. దొడ్డి మొత్తం పట్టకపోతే ఒక మూల కోసి చూపించండి. మొత్తం పట్టాలని స్కేలు చిన్నది చేసినవాళ్లెవరూ బాగుపడలేదు, నాతో సహా.

---

డాలస్_సుబ్బు | జూలై 7, ఉదయం 6:02

ఉట్నూరు ఆదిలాబాద్ కదండీ? మా మేనమామ అక్కడ ఫారెస్టులో చేశారు. బూడిద దిబ్బ సంగతి ఎప్పుడూ చెప్పలేదే!

---

పాలమూరు_మాస్టారు | జూలై 7, ఉదయం 7:20

సుబ్బు గారూ, అందరికీ వచ్చే అనుమానమే. అది ఆదిలాబాద్ ఉట్నూరు. ఇది పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, కృష్ణకు ఉత్తరాన, మక్తల్ వైపుది. మా హెడ్‌మాస్టారు కూడా "అంత దూరం ఎక్స్‌కర్షన్ ఎట్ల తీసుకుపోతవయ్యా?" అన్నారు.

---

దిబ్బల_వెంకన్న | జూలై 7, రాత్రి 11:30

ఈ టాపిక్ చూసి ఆగలేకపోయాను. నేను చదివింది ఆర్కియాలజీ, చేసేది ఇన్సూరెన్సు. ఇన్నాళ్లకు నా చదువు ఒకరికి పనికొచ్చేట్టుంది.

మాస్టారూ, జిగురు డబ్బా మూత తీయకముందే ఒక కాగితం తీసుకుని నిలువుగా గీత గీయండి. ఎడమవైపు తవ్వకంలో కంటికి కనిపించినవి, కుడివైపు వాటిని బట్టి ఊహించినవి రాయండి.

ఎడమవైపు ఇవి రాయొచ్చు. నేలలో వరుసగా గుంజలు పాతిన గుంతలు. ఆ గుంజలు తాటి మొద్దులు. పొరలు పొరలుగా బూడిద, కొన్ని పొరలు మెత్తటి పొడి, కొన్ని కరిగి గాజులా గట్టిపడ్డవి. దొడ్డి కాలిపోయిన తర్వాత అదే చోట మళ్లీ కంచె కట్టిన ఆనవాళ్లు, అదీ ఒకసారి కాదు. అన్నిటికన్నా గొప్పది, బూడిదలో అచ్చుపడి మిగిలిపోయిన పశువుల గిట్టల గుర్తులు. దొడ్డిలో పశువులు తిరిగాయనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

కుడివైపుకు పోయేవి: కంచె ఎత్తు ఎంత, గుంజల మధ్య ఏం అల్లారు, తలుపు ఎలా ఉండేది, గుడిసె కప్పు దేనితో వేశారు.

నివేదికలో "ఉండి ఉండవచ్చు" అని రాసి ముందుకు పోవచ్చు. ప్లైవుడ్ మీద "ఉండి ఉండవచ్చు"ను జిగురుతో అంటించలేరు. ఎక్కడో ఒకచోట తలుపు పెట్టి తీరాలి. అందుకే నా సలహా: పలకలో మూడో వంతు తవ్వకం చూపించండి. కందకం, కోసిన గోడలో పొరలు, ఖాళీ గుంతలు. మిగతా రెండు వంతులు అప్పటి దొడ్డి. ఏది దొరికింది, ఏది మనం కట్టింది అన్నది ఏడేళ్ల పిల్లకు కూడా తెలిసిపోవాలి.

---

రంపంపొట్టు | జూలై 8, ఉదయం 8:10

వెంకన్న గారి ఐడియాకు నా ఓటు. కందకం కోసం పలక కింద 6 సెం.మీ. లోతు చట్రం బిగించండి. 1:50లో అది 3 మీటర్ల లోతు. పొరలు చూపించడానికి ఇబ్బంది ఉండదు.

---

సత్యాన్వేషి | జూలై 8, మధ్యాహ్నం 1:45

వేల ఏళ్ల క్రితం అంత బూడిద ఊరికే వస్తుందా? అవి యజ్ఞ వాటికలు. ఆ మాట చెప్పడానికి మన చరిత్రకారులకు మనసొప్పదు.

---

దిబ్బల_వెంకన్న | జూలై 8, రాత్రి 10:05

సత్యాన్వేషి గారూ, రెండు వందల ఏళ్లుగా నలుగుతున్న ప్రశ్న ఇది. బళ్లారి వైపు బూడిద గుట్టలను 1830, 40లలోనే న్యూబోల్డ్ అనే బ్రిటిష్ సైనికాధికారి చూసి రాశాడు. చితులన్నారు, కొలుములన్నారు, అగ్నిపర్వతం అన్నవాళ్లూ ఉన్నారు. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ మాత్రం పశువుల పేడ అన్నాడు. చివరికి 1960లో జాయ్‌నర్ అనే శాస్త్రవేత్త ఆ బూడిదను సూక్ష్మదర్శిని కింద పెట్టి, కాలిన పేడేనని తేల్చాడు.

జనం చెప్పుకునే కథలు వేరే ఉన్నాయి. హంపి దగ్గర నింబాపురంలో బూడిద దిబ్బ చూపించి వాలిని దహనం చేసిన చోటంటారు. ఆ కథ నాకూ ఇష్టమే. నమూనా పక్కన అట్ట మీద రాసి పెట్టండి మాస్టారూ, పిల్లలు మరిచిపోరు. దిబ్బలో మాత్రం పేడే పోయండి.

---

నిర్వాహకుడు | జూలై 9, ఉదయం 9:00

దీని తర్వాత వచ్చిన పద్నాలుగు పోస్టులు తీసేశాను. ఇది నమూనాల విభాగం. ఎవరి వేదాలు ముందన్న చర్చకు వేరే విభాగం ఉంది, అక్కడ కొట్టుకోండి.

---

పాలమూరు_మాస్టారు | జూలై 20, సాయంత్రం 6:30

చట్రం అయింది. ఇప్పుడు కంచె. దొడ్డిని 25 × 25 మీటర్లుగా తీసుకున్నాం, అంటే పలక మీద 50 × 50 సెం.మీ. ఇది మా సౌకర్యం కోసం వేసుకున్న కొలత, నివేదికలోది కాదు. పక్కన అట్ట మీద ఆ సంగతి రాస్తాం.

తాటి మొద్దులకు ఏం వాడాలి? అగరుబత్తి పుల్లలు పెడితే వెదురు తడికలా ఉంది.

---

రంపంపొట్టు | జూలై 20, రాత్రి 8:50

ఉంటుంది మరి. తాటి మొద్దు లావు 30 నుంచి 40 సెంటీమీటర్లు, 1:50లో 6 నుంచి 8 మిల్లీమీటర్లు కావాలి. అగరుబత్తి పుల్ల మిల్లీమీటరున్నర కూడా ఉండదు.

నాలుగు వైపులా కలిపి 2 మీటర్ల కంచె. ఒకదానికొకటి ఆనించి పాతితే 280 పైన మొద్దులు కావాలి, మధ్యలో ఒక మొద్దంత ఎడం వదిలితే అందులో సగం. నివేదిక ప్లానులో గుంతల మధ్య దూరం కొలిచి అదే పెట్టండి. కంటికి అందంగా ఉందని దగ్గర దగ్గరగా పెట్టొద్దు.

---

గట్టు_నర్సిములు | జూలై 20, రాత్రి 9:30

సార్, దుకాణాలెందుకు సార్? మన దిక్కు కంది చేన్లే చేన్లు. కంది కట్టె సరిగ్గ వేలు సన్నం ఉంటది, పైన బెరడు గరుకు గరుకు. ఎండినవి ఏరుకొచ్చి తునకలు చేస్తె తాటి మొద్దు లెక్కనే కొడతది. పైసా ఖర్చు లేదు. అడుగున కొంచెం మసి పూయుండ్రి, కాలిన గుంజ లెక్క ఉంటది.

---

పాలమూరు_మాస్టారు | జూలై 28, రాత్రి 8:15

నర్సిములు గారూ, మీకు దండం పెట్టాలి. పిల్లలు ఒక్క ఆదివారంలో రెండు వందల తునకలు తెచ్చారు. పుచ్చినవి తీసేయగా 130 మిగిలాయి, సరిపోయాయి. గుంజలకు మధ్య తుమ్మ కంప అల్లినట్టు కొబ్బరి పీచు చుట్టాం. అది కుడివైపు కాగితంలోది, ఊహే.

కానీ బూడిద దగ్గర దెబ్బ తిన్నాం. పిడకలు కాల్చి, ఆ బూడిదలో ఫెవికాల్, నీళ్లు కలిపి పలక మీద అంగుళం మందాన పరిచాం. మూడో రోజుకు ఎండిన చెరువులా పగుళ్లు. నాలుగో రోజుకు పలక నావలా వంగింది. కొన్న దుకాణం వాడు నీటికి చెక్కుచెదరని రకమన్నాడు. పిల్లల ముఖాలు చూడలేకపోయాను.

---

మట్టిబొమ్మ | జూలై 28, రాత్రి 9:40

అయ్యో మాస్టారూ. దుకాణం వాడిదే తప్పు కాదులెండి. ఏ ప్లైవుడ్ అయినా ఒక వైపే తడిస్తే వంగుతుంది. రెండు వైపులా వార్నిష్ రెండు కోట్లు వేసి ఎండాకే తడి పని మొదలుపెట్టాలి. వంగిన పలకను బోర్లించి, వెనక వైపు తడిపి, బరువులు పెట్టి నాలుగు రోజులు వదిలేయండి. చాలావరకు సర్దుకుంటుంది.

పగుళ్ల సంగతి. బూడిద నీళ్లు తెగ తాగుతుంది, ఆరాక ముడుచుకుంటుంది. అంగుళం మందం బూడిద ఎవరు వేసినా పగులుతుంది. లోపల దిబ్బ ఆకారాన్ని థర్మాకోల్ ముక్కలతో కట్టండి, పైన పాత న్యూస్‌పేపర్ మైదా జిగురుతో రెండు పొరలు అంటించండి. అది బాగా ఆరాక బూడిదను పలచటి గుడ్డలో జల్లించి, సుద్దపొడి సగానికి సగం కలిపి, ఫెవికాల్ నీళ్లతో దోసెపిండిలా చేసి బ్రష్‌తో పూయండి. ఒక్కో పూత గోరు మందం దాటకూడదు. ఆఖరి పూత తడిగా ఉండగానే పొడి బూడిద జల్లి, ఆరాక ఊదేయండి. రంగు దానంతటదే వస్తుంది. తడిగా ఉన్నప్పుడు నల్లగా ఉందని కంగారుపడి తెల్ల రంగు కలపొద్దు. నేను వినాయకుడికి అలా చేసి పాడు చేశాను.

---

డాలస్_సుబ్బు | జూలై 29, ఉదయం 5:45

నేనూ ఇక్కడ మా పాపతో చిన్నది మొదలుపెట్టాను, ఒక అడుగు పలక. పిడకలకే తిప్పలు. ఇండియన్ స్టోర్‌లో పూజకని చిన్న చిన్నవి ప్యాకెట్‌లో పెట్టి బిస్కెట్ల ధరకు అమ్ముతున్నాడు. మా ఊళ్లో గోడల నిండా ఉండేవి! చివరికి ఫైర్‌ప్లేస్ బూడిదతో కానిచ్చేశాను. అది కట్టె బూడిద, ఇది పేడ బూడిద, తేడా తెలుస్తుందా?

---

మట్టిబొమ్మ | జూలై 29, ఉదయం 10:20

కంటికి పెద్దగా తెలియదు సుబ్బు గారూ. మా అమ్మమ్మ అయితే గిన్నె తోమి చెప్పేసేది.

---

పాలమూరు_మాస్టారు | ఆగస్టు 17, సాయంత్రం 5:50

మట్టిబొమ్మ గారూ, మీరు చెప్పినట్టే చేశాం, ఒక్క పగులు లేదు. కందకం గోడలో పొరలు కూడా అయ్యాయి. తెలుపు, బూడిద రంగు, మట్టి రంగు, మళ్లీ తెలుపు. ఏ రెండు పొరలూ ఒకే మందం రాకుండా ఒక్కో పొర ఒక్కో పిల్ల చేత వేయించాను.

గాజులా గట్టిపడిన పొర దగ్గర ఆగిపోయాం. దానికి ముందు పిల్లలు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను. పేడ కాలితే బూడిదవ్వాలి గానీ గాజెట్లా అవుతుంది?

---

దిబ్బల_వెంకన్న | ఆగస్టు 17, రాత్రి 11:10

మంచి ప్రశ్న. గడ్డిలో, జొన్నాకులో సిలికా ఉంటుంది. ఆకు వేలిని కోసేది అందుకే. పశువు మేసిన గడ్డిలోని సిలికా పేడలోకి వస్తుంది. పేడ గుట్టలా పేరుకున్నాక నిప్పంటుకుంటే పైపైన మండి ఊరుకోదు, లోపల రోజుల తరబడి కుములుతుంది, వేడి విపరీతంగా పెరుగుతుంది. బూడిదలోని క్షారాలు తోడైతే సిలికా కరిగి, చల్లారాక గాజు చిట్టెంలా అవుతుంది. ఇటుక బట్టీలో మరీ కాలిపోయిన ఇటుక మీద నల్లగా మెరిసే పూత చూసుంటారు, అలాగే.

ఇంట్లో పొయ్యిలో పిడక కాలిస్తే గాజు రాదు. అందుకే ఆ పొర ముఖ్యం. అక్కడ రోజువారీ పిడకల మంట కాదు, పేరుకున్న పేడ మొత్తం కాలిందని అదే చెబుతోంది.

---

గట్టు_నర్సిములు | ఆగస్టు 18, ఉదయం 7:00

బెల్లం పాకం ముదురుగ పట్టి బూడిద కలిపి పోయుండ్రి సార్. గాజు లెక్కనే మెరుస్తది.

---

పాలమూరు_మాస్టారు | ఆగస్టు 23, రాత్రి 8:40

నర్సిములు గారూ, మెరిసింది. నిజంగానే గాజులా ఉంది, అందరం చప్పట్లు కొట్టాం. తెల్లారి చూస్తే కొత్త రాతియుగం నిండా గండు చీమలు. తలుపు కింద నుంచి బారులు తీరి వచ్చి దొడ్డిలో దూరాయి.

---

గట్టు_నర్సిములు | ఆగస్టు 23, రాత్రి 8:52

😂 తప్పయింది సార్

---

రంపంపొట్టు | ఆగస్టు 23, రాత్రి 9:15

గ్లూగన్ కొనండి. కరిగిన జిగురును సన్నటి తీగలా పోసి, వేడి మీదే బూడిద, బొగ్గుపొడి అద్దండి. ఆరాక అక్కడక్కడా పారదర్శకమైన నెయిల్ పాలిష్ చుక్కలు పెట్టండి. మొత్తం పూయొద్దు. గాజు పొర అద్దంలా ఉండదు, చిల్లులు చిల్లులుగా ఉంటుంది. చీమలు దాన్ని ముట్టవు.

---

పాలమూరు_మాస్టారు | సెప్టెంబరు 7, రాత్రి 9:20

గిట్టల గుర్తుల గురించి రాయాలి, ఇది మా బృందం గర్వపడే పని.

ఆవు గిట్ట 10 సెం.మీ. అనుకుంటే 1:50లో 2 మిల్లీమీటర్లు. అగ్గిపుల్లతో, సూదితో, టూత్‌పిక్‌తో గుచ్చి చూశాం. అన్నీ చుక్కల్లా వచ్చాయి. గిట్ట అంటే రెండు చీలికలుండాలి కదా. అప్పుడు ఒక అమ్మాయి, వాళ్ల నాన్న గోనెసంచులు కుట్టే హమాలీ, ఇంటి నుంచి విరిగిన దబ్బనం తెచ్చింది. దబ్బనం బెజ్జం వైపు కొనను ఆకురాయితో అరగదీస్తే పైన మూసుకుని ఉన్న భాగం పోయి రెండు కొమ్ములు మిగులుతాయి. కొసలను కొంచెం లోపలికి వంచింది. తడి బూడిద మీద నొక్కింది. రెండు సన్నటి నెలవంకలు ఎదురెదురుగా, అచ్చం ఆవు అడుగు.

ఇక పిల్లలు ఆగలేదు. వరసపెట్టి కుట్టుమిషన్‌లా కొట్టుకుపోతుంటే నేనే ఆపాల్సి వచ్చింది. ఆవు నడిచినప్పుడు వెనక కాలు ఎక్కడ పడుతుందో చూసి రమ్మని బడి వెనక బీడులోకి పంపాను. వచ్చి చెప్పారు: వెనక గిట్ట దాదాపు ముందు గిట్ట వేసిన చోటే పడుతుందట, ఒకదాని మీద ఒకటి. ఇరవై ఏళ్లుగా ఆవుల్ని చూస్తున్నా, నేనెప్పుడూ గమనించలేదు.

---

మట్టిబొమ్మ | సెప్టెంబరు 7, రాత్రి 10:00

ఆ అమ్మాయికి నా తరఫున ఒక చాక్లెట్ కొనిపెట్టండి. దగ్గర నుంచి ఫోటో పెట్టండి, పక్కన రూపాయి బిళ్ల ఉంచి.

---

దిబ్బల_వెంకన్న | సెప్టెంబరు 7, రాత్రి 11:45

ఆల్చిన్‌కు కనిపించినవి ఇవే మాస్టారూ. అరగదీసిన దబ్బనం సంగతి ఆయన వింటే సంతోషించేవాడు.

---

పాలమూరు_మాస్టారు | సెప్టెంబరు 14, మధ్యాహ్నం 12:30

ఇప్పుడు పశువులు. ఆన్‌లైన్‌లో రైలు నమూనాల కోసం అమ్మే ప్లాస్టిక్ ఆవుల ప్యాకెట్ తెప్పించాం. రెండు తప్పులు. అవి 1:87 స్కేలు, మా మనుషుల ముందు మేకల్లా ఉన్నాయి. పైగా అన్నీ నలుపు తెలుపు మచ్చల సీమ ఆవులు, ఒక్కదానికీ మూపురం లేదు.

---

మట్టిబొమ్మ | సెప్టెంబరు 14, మధ్యాహ్నం 2:10

ఎం-సీల్‌తో చేయించండి. ముందు నాలుగు కాళ్లకు సన్నటి రాగి తీగ, దాని మీద ఒళ్లు, మూపురం చివర్లో చిన్న ముద్దగా. గంగడోలు మరిచిపోవద్దు. కొమ్ములకు పాత ఇయర్‌ఫోన్ లోపలి తీగ చాలు. మీ దిక్కు మట్టెద్దుల అమావాస్యకు పిల్లలు మట్టి ఎద్దులు చేస్తారు కదా, వాళ్లకు చెయ్యి తిరిగే ఉంటుంది.

---

దిబ్బల_వెంకన్న | సెప్టెంబరు 14, రాత్రి 10:30

కొమ్ములు పొట్టిగా పెట్టొద్దు. పిల్లలు మూపురం అనగానే ఒంగోలు గిత్తను తలుచుకుంటారు, దాని కొమ్ములు పొట్టివి. బళ్లారి దగ్గర కుప్గల్ గుట్టల మీద రాళ్లకు చెక్కిన పశువుల బొమ్మలున్నాయి. మూపురం, పొడవుగా వంపు తిరిగిన కొమ్ములు. హళ్లికార్ ఎద్దు ఫోటో చూపించండి, అదైతే దగ్గరగా ఉంటుంది.

ఎన్ని చేస్తున్నారు?

---

పాలమూరు_మాస్టారు | సెప్టెంబరు 14, రాత్రి 10:50

అక్కడే టెన్షన్. 625 చదరపు మీటర్ల దొడ్డి. పశువుకు 3 చదరపు మీటర్లు వేసుకున్నా రెండు వందలు పడతాయి. ఇప్పటికి 34 అయ్యాయి, పిల్లలకు విసుగొచ్చింది. 34ను అంత దొడ్డిలో వదిలితే సంత ముగిశాక మిగిలిపోయినట్టున్నాయి.

---

రంపంపొట్టు | సెప్టెంబరు 15, ఉదయం 6:40

మేతకు తోలేయండి మాస్టారూ.

ఉదయం తొమ్మిదింటికి దొడ్డి ఎలా ఉంటుంది? మంద బయటకు పోతుంది. లోపల నాలుగు లేగలు, ఒక చూడి ఆవు, ఒక కుంటి ఎద్దు. తలుపు దగ్గర ఓ పదిహేను బయటకు పోతుంటాయి, మిగతావి పలక అంచు దగ్గర తోకలు మాత్రమే కనబడేలా. మీకు 34 చాలు. పైగా దొడ్డి ఖాళీగా ఉంటేనే గదా ఆ దబ్బనం పనితనం కనబడేది.

---

పాలమూరు_మాస్టారు | సెప్టెంబరు 15, ఉదయం 6:55

ఈ మాట నెల ముందే చెప్పి ఉంటే మీ ఫోటో బడిలో కట్టించేవాణ్ని.

---

దిబ్బల_వెంకన్న | సెప్టెంబరు 15, రాత్రి 9:30

ఆ లెక్కలో ఇంకోటి కూడా పిల్లల చేత చేయించండి. పశువుకు రోజుకు ఎంత తక్కువనుకున్నా ఐదు కిలోల పేడ. రెండు వందల పశువులకు రోజుకు టన్ను. అందులో చాలావరకు నీరే, ఎండితే కొంతే మిగులుతుంది. అయినా కొన్ని నెలలకు దొడ్డిలో ఎంత పేరుకుంటుందో చూడండి. దిబ్బ ఎలా లేచిందో వాళ్లకు వాళ్లే చెబుతారు.

---

డాలస్_సుబ్బు | సెప్టెంబరు 16, ఉదయం 5:30

అంత ఎరువు చేతిలో పెట్టుకుని కాల్చేశారా! మా తాత ఉంటే తన్నేవాడు. ఎందుకు కాల్చినట్టు?

---

దిబ్బల_వెంకన్న | సెప్టెంబరు 16, రాత్రి 10:40

అసలు చిక్కంతా అక్కడే ఉంది సుబ్బు గారూ. ప్రమాదవశాత్తు ఒకసారి కాలిందంటే ఒప్పుకోవచ్చు, మళ్లీ మళ్లీ కాలిందే! ఆల్చిన్ దీన్ని పండగ మంటలతో పోల్చాడు. మన భోగి, హోలీ మంటల్లాగా ఏడాదిలో ఒక సమయానికి నిప్పు పెట్టడం. కర్ణాటకలో సంక్రాంతికి ఇప్పటికీ పశువుల్ని మంట మీదుగా దాటిస్తారు. ఇంకొందరు గోమార్లు, పురుగూ పుట్రా పోవడానికి శుభ్రం చేసుకున్నారంటారు. రెండూ కలిసే ఉండొచ్చు, మన పండగల్లో కూడా శుభ్రం, మొక్కు కలిసే ఉంటాయి.

అన్ని దిబ్బలూ ఒక్కలాంటివీ కావు. కర్ణాటకలోని బూదిహాళ్‌లో పురావస్తు శాస్త్రవేత్త పద్దయ్య గారు తవ్వితే బూడిద దిబ్బ పక్కనే జనం నివాసాలు, పశువుల్ని కోసి మాంసం చేసిన నేల కూడా బయటపడ్డాయి. మన అనంతపురం జిల్లా పాలవాయిలోనూ బూడిద దిబ్బ తవ్వారు. కాబట్టి మాస్టారూ, మంట పెట్టకండి. మండని దొడ్డే పెట్టండి. కాలినట్టు కందకం గోడ చూపిస్తుంది, ఎందుకన్నది పిల్లలు వాదించుకుంటారు.

---

పాలమూరు_మాస్టారు | అక్టోబరు 5, సాయంత్రం 6:10

దాదాపు అయిపోయింది. ఆరు ఫోటోలు పెట్టాను. తప్పులుంటే ఇప్పుడే చెప్పండి, వచ్చే వారం బడిలో అందరికీ చూపిస్తున్నాం.

---

దిబ్బల_వెంకన్న | అక్టోబరు 5, రాత్రి 11:20

గిట్టల గుర్తులు, పొరలు అద్భుతం. ఇక మిగతావి చెబుతాను, ఏమీ అనుకోవద్దు.

రెండో ఫోటోలో మనిషి చేతిలో గొడ్డలికి వెండి రంగు వేశారు. ఇనుము రావడానికి ఇంకా చాలా కాలం ఉంది. నూరిన డోలరైట్ రాతి గొడ్డలి అది, నలుపులో కొంచెం ఆకుపచ్చ కలపండి. మూడో ఫోటోలో గుడిసె ముందు ఆరబోసినవి మిరపకాయలా? మిరప అమెరికా నుంచి వచ్చింది, మొక్కజొన్న కండె కూడా అంతే. వాటి బదులు ఉలవలు, పెసలు, అండు కొర్రలు పోయండి. దక్షిణాది కొత్త రాతియుగపు ఊళ్లలో ఇవి దొరికాయి. ఐదో ఫోటోలో దొడ్డి వెనక పొద సర్కారు తుమ్మ. అది 19వ శతాబ్దంలో ఇక్కడికి తెచ్చి నాటింది. నల్ల తుమ్మ పెట్టండి, ఈత పొద పెట్టండి, తాడిచెట్టు ఎలాగూ ఉంది. నాలుగో ఫోటోలో సైకిల్ టైరు కనబడుతోంది, అది మీ వరండాదే అనుకుంటాను.

---

పాలమూరు_మాస్టారు | అక్టోబరు 5, రాత్రి 11:40

టైరు వరండాదే 🙏 మిరపకాయలు పెట్టింది నేనే. పిల్లలు వద్దన్నారు.

---

పాలమూరు_మాస్టారు | అక్టోబరు 13, రాత్రి 9:50

చూపించాం. ఊరంతా వచ్చింది. అందరూ మొదట వంగి చూసింది గిట్టల గుర్తులనే.

ఒక పిల్లవాడి తాత, గొర్లు కాసే మనిషి, కర్ర మీద ఆనుకుని చాలాసేపు చూశాడు. గుడిసెలు చూడలేదు, పొరలు చూడలేదు. తలుపు దగ్గరే నిలబడ్డాడు. తర్వాత నన్ను పిలిచి, "సారూ, గీ తలుపు ఎవరు వెట్టిన్రు?" అన్నాడు. నేనే అన్నాను. "ఇంత ఎడల్పు వెడితె మంద ఒక్కసారె తోసుకొస్తది. లెక్క ఎట్ల వెడ్తరు? ఒక్కొక్కటి వొయేటట్టు ఉండాలె. పొద్దుగాల ఎన్ని వొయినయ్, పొద్దుమూకి ఎన్నొచ్చినయ్, గా లెక్క తప్పితె ఆ రాత్రి నిద్ర వడ్తదా?"

నేను తలుపును 4 మీటర్లుగా పెట్టాను, 8 సెంటీమీటర్లు. ఎందుకంటే పదిహేను ఆవులు అందంగా బయటకు రావాలి కదా.

---

రంపంపొట్టు | అక్టోబరు 13, రాత్రి 10:05

తప్పు నాది. ఆ పదిహేను ఆవుల ఐడియా నాదే.

---

దిబ్బల_వెంకన్న | అక్టోబరు 13, రాత్రి 11:30

నేను తలుపును కుడివైపు కాగితంలో వేసి వదిలేశాను. ఊహే కదా, ఎలా ఉన్నా ఫర్వాలేదనుకున్నాను. ఊహల్లో కూడా తప్పులుంటాయి మరి. ఆయన్ని కంచె ఎత్తు కూడా అడగండి మాస్టారూ.

---

పాలమూరు_మాస్టారు | అక్టోబరు 19, సాయంత్రం 7:15

అడిగాను. "మనిషి ఛాతి దాక వెడితె ఎట్ల సాల్తది? తోడేలు లేదా, పులి లేదా అప్పుడు?" అని ఎదురు అడిగాడు. మాది 4 సెంటీమీటర్లు, అంటే 2 మీటర్లు. ఫర్వాలేదన్నాడు.

తలుపు పీకేశాం. రెండు గుంజలు దగ్గరికి జరిపి ఒక్క ఆవు పట్టేంత సందు వదిలాం, 2 సెంటీమీటర్లు. ఆవులు ఇప్పుడు ఒకదాని వెనక ఒకటి వరుసలో ఉన్నాయి. సందు దగ్గర ఒక మనిషిని నిలబెట్టాం, లెక్కపెడుతున్నట్టు. పాత తలుపు ఉన్నచోట బూడిద పూత లేచిపోయింది, అక్కడ మళ్లీ పూసి దబ్బనంతో గుర్తులు కొట్టాలి. ఆ అమ్మాయి జ్వరంతో బడికి రావడం లేదు, తను వచ్చేదాకా ఆగుదామని పిల్లలన్నారు.

---

డాలస్_సుబ్బు | అక్టోబరు 20, ఉదయం 5:50

మాస్టారూ, దబ్బనం ఎన్ని అంగుళాలది? ఇక్కడ దొరికేవాటికి బెజ్జం మరీ పెద్దది, ఏనుగు అడుగులొస్తున్నాయి.